పలుకలేని ప్రాణం పక్షాన

ధర్మాన్ని గూర్చి మానవజాతి వ్రాసుకొన్న గ్రంథాలలో చాలాభాగం, అడిగేవాడొకడు, ఇచ్చేవాడొకడు ఉన్నారనే భావన మీద నిలిచి ఉన్నవి. ఆకలిగొన్నవాడు అన్నం అడుగుతాడు. ఆపదలో ఉన్నవాడు శరణు వేడుతాడు. రోగి తన బాధను వైద్యునికి చెప్పుకొంటాడు. అడిగినదానిని ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి, ఎవరికి ముందుగా ఇవ్వాలి అన్నది తరువాతి విచారణ. కాని నెలలు నిండకముందే భూమి మీదికి వచ్చి, తొమ్మిదివందల గ్రాముల బరువుతో గాజుపెట్టెలో పడుకొన్న శిశువు విషయంలో ఈ విచారణకు మొదటి మెట్టే లేదు. ఆ శిశువు ఏమీ అడుగదు. గట్టిగా ఏడవటానికైనా దానికి ఊపిరి చాలదు. చర్మపు రంగు, పొట్ట ఉబ్బు, ఒక శ్వాసకూ మరొక శ్వాసకూ మధ్య వచ్చే విరామం, ఇవే దాని భాష. ఆ భాషను ఎవరైనా తప్పుగా చదివితే, కాదని సరిదిద్దే శక్తి దానికి లేదు.

ఆ పెట్టె చుట్టూ నిలిచేవారు పలువురు. ఉదయం, సాయంకాలం వచ్చి చూచి ఆదేశాలు వ్రాసే శిశువైద్యుడు. రాత్రంతా మెలకువగా ఉండే శిక్షణలోని యువవైద్యుడు. ఎనిమిది గంటలు, ఒక్కొక్కప్పుడు పన్నెండు గంటలు అక్కడే ఉండే నర్సు. గుడ్డలు మార్చి, నేల తుడిచే ఆయా. యంత్రం మొరాయించినప్పుడు మాత్రమే జ్ఞాపకం వచ్చే మరమ్మతుగాడు. తలుపు బయట బల్ల మీద కూర్చున్న తల్లి. వీరిలో ఆ శిశువు పక్షాన పలికే అధికారం ఎవరిది? చదువు ఎక్కువగా గలవానిది, అనగా వైద్యునిది, అని లోకం జవాబు చెప్పుతుంది. ఈ జవాబు తప్పు కాదు. అయితే ఇది పూర్తి జవాబూ కాదు. ఎందువలన కాదో తెలియటానికి ఈ వైద్యం నడిచివచ్చిన దారిని కొంత చూడవలసి ఉన్నది.

పారిస్ నగరంలో స్తెఫాన్ తార్నియే అనే ప్రసూతి వైద్యుడు, కోడిగుడ్లను పొదిగించే పెట్టెను చూచి అటువంటిదే శిశువుల కొరకు చేయించి, 1881 ప్రాంతంలో మెటర్నిటే ఆసుపత్రిలో వాడుకలోకి తెచ్చారు. రెండు కిలోలకు తక్కువ బరువుతో పుట్టిన శిశువులలో మరణాలు నూటికి 66 నుండి 38కి దిగినవి. వెచ్చదనం ఒక్కటే ఇంత పని చేసినది. 1893లో ఆ ఆసుపత్రిలోనే బలహీన శిశువులకు ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పినది వైద్యుడు కాదు, ప్రధాన మంత్రసాని మదామ్ ఆన్రీ. చరిత్ర గ్రంథాలలో తార్నియే పేరు ఉన్నంత పెద్ద అక్షరాలతో ఆమె పేరు కనిపించదు. తార్నియే శిష్యుడైన పియేర్ బ్యుదేన్ మరొక విషయం గమనించారు. బిడ్డను పెట్టెలో పెట్టి తల్లిని దూరంగా ఉంచితే, కొన్నాళ్లకు ఆ తల్లికి బిడ్డ మీద మనసు సడలుతున్నది. కనుక తల్లులను దగ్గరకు రానిచ్చి పాలిప్పించాలని ఆయన పట్టుపట్టారు.

బ్యుదేన్ మాట చాలాకాలం ఎవరూ వినలేదు. గాజుపెట్టెలు సముద్రం దాటి అమెరికా చేరినవి. న్యూయార్కు వద్ద కోనీ ద్వీపంలో, వినోదశాలల నడుమ, 1903 నుండి 1943 వరకు మార్టిన్ కౌనీ అనే ఆయన నెలలు నిండని శిశువులను ప్రదర్శనకు పెట్టి, చూడవచ్చినవారి వద్ద రుసుము వసూలు చేసి, ఆ డబ్బుతో వారిని బ్రతికించారు. తల్లిదండ్రుల వద్ద ఒక్క కాసు తీసికొనలేదు. దీనిని అసహ్యించుకోవాలో నమస్కరించాలో తేల్చుకోవటం ఈనాటికీ సులభం కాదు. ఆసుపత్రులు ఆ బిడ్డల మీద ఆశ వదలుకొన్న కాలంలో సంతలోని డేరా ఒకటి వారికి ఆశ్రయమైనదన్నది మాత్రం నిజం. చికాగోలో 1922లో జూలియస్ హెస్ అనే వైద్యుడు ఆసుపత్రిలోనే ఒక విభాగం తెరిచారు. దానిని దశాబ్దాలపాటు నడిపినది ఎవెలిన్ లుండీన్ అనే నర్సు. నెలలు నిండని శిశువుల చికిత్సను, పరిచర్యను గూర్చి 1941లో వెలువడిన గ్రంథం ఇద్దరి పేర్ల మీదా వచ్చినది. వైద్యుని పేరు పక్కన నర్సు పేరు అచ్చుకావటం ఆ కాలంలో సామాన్యమైన సంగతి కాదు. అయినా ఆనాటి అమెరికా విభాగాలలో తల్లికి చోటు లేదు. అంటురోగ భయం వలన ఆమె అద్దం అవతల నిలిచి చూడవలసినదే.

ఈ వైద్యంలోని నైతిక చిక్కునంతటినీ తనలో ఇముడ్చుకొన్న ఉదంతం ఆ తరువాతిది. 1942లో బోస్టన్ నగరపు నేత్రవైద్యుడు థియొడోర్ టెర్రీ, నెలలు నిండకుండా పుట్టిన శిశువుల కళ్లలో ఒక విచిత్రమైన పొర ఏర్పడి అంధత్వం కలుగుతున్నదని వ్రాశారు. తరువాతి పన్నెండేళ్లలో ఈ విధంగా చూపు కోల్పోయిన పిల్లలు ప్రపంచంలో దాదాపు 10,000 మంది. ఆశ్చర్యమేమిటంటే, మంచి ఆసుపత్రులున్న చోటనే ఈ వ్యాధి ఎక్కువ. కారణం ప్రాణవాయువేమోనని 1951లో మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ కాంప్‌బెల్ సూచించారు. శిశువులకు మేలని ధారాళంగా ఇస్తున్న ఆక్సిజన్ వారి కళ్లలోని లేత రక్తనాళాలను పాడుచేస్తున్నదన్న మాట. దీనిని నిర్ధారించటానికి వాషింగ్టన్‌లోని గాలింజర్ ఆసుపత్రిలో ఆర్నాల్డ్ పాట్జ్ అనే వైద్యుడు శిశువులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి యథాప్రకారం ఎక్కువగా, మరొక వర్గానికి అవసరమైనంత మటుకే ఆక్సిజన్ ఇప్పించారు. అప్పుడు జరిగినదేమిటి? రాత్రివేళ కొందరు నర్సులు, తక్కువ ఆక్సిజన్ పొందుతున్న శిశువులు చచ్చిపోతారని భయపడి, ఎవరికీ చెప్పకుండా వారికి కూడా ఆక్సిజన్ తిప్పేవారు.

ఆ నర్సులను ఏమనాలి? వారు నిర్లక్ష్యం చేయలేదు. వారికి జీతం పెరిగేది లేదు, మెప్పు వచ్చేది లేదు. పట్టుబడితే ఉద్యోగం పోతుంది. కేవలం దయచేత, నిద్రపోవలసిన లోకం నిద్రపోతున్న వేళ, ఒక పసిప్రాణం కొరకు లేచి నిలిచారు. ఆ దయే ఆ శిశువు కంటికి చేటు తెచ్చే దయ. ఆపద్ధర్మమని మన పెద్దలు దేనిని అన్నారో దాని రూపం అచ్చంగా ఇక్కడ కనిపిస్తుంది. అయితే ధర్మానికి పూర్వాంగమైన జ్ఞానం అక్కడ లోపించినది. ఇంకొక వైపు నుండి చూస్తే, తక్కువ ఆక్సిజన్ ఇమ్మన్న వైద్యుడు కూడా పరీక్ష పూర్తికాకముందు నిజమెరుగడు. నర్సుల భయమే నిజమై ఉండవచ్చును గదా! 1953-54లో అనేక ఆసుపత్రులు కలిసి చేసిన పరిశోధన ఆక్సిజన్ దోషాన్ని నిర్ధారించినది. దానితో అందరూ ఆక్సిజన్‌ను పిసినారితనంగా ఇవ్వసాగారు. కళ్లు నిలిచినవి, కాని ఊపిరాడక పోయిన ప్రాణాలు పెరిగినవి. ఆ నర్సుల భయంలోనూ ఒక పాలు సత్యమున్నదన్నమాట. ఎక్కువా కాదు, తక్కువా కాదు, ఎంత అన్న ప్రశ్న 2010 తరువాత కూడా పెద్ద పరిశోధనలకు విషయమైనది.

కనుక ఆ రాత్రి జరిగిన అపరాధం దయలో లేదు, అజ్ఞానంలో సైతం లేదు, రహస్యంలో ఉన్నది. తమ భయాన్ని పగటివేళ, వైద్యుని ఎదుట, పరిశోధన మొదలు కాకముందే చెప్పుకొని జవాబు పొందగల చోటు ఆ నర్సులకు ఉండి ఉంటే, రాత్రివేళ చీకటిలో చేయి ముందుకు సాగవలసిన పని ఉండేది కాదు. ఆదేశమిచ్చేవాని నోటికీ, అమలుచేసేవారి చెవికీ మాత్రమే పని ఉన్న చోట మిగిలిన మాటలన్నీ చేతులలోనికి దిగుతాయి.

ఇంచుమించు ఆ సంవత్సరాలలోనే, 1952లో, న్యూయార్కులో వర్జీనియా అప్గార్ అనే మత్తువైద్యురాలు, పుట్టిన నిమిషానికి శిశువు గుండెవేగం, శ్వాస, కండరాల బిగువు, స్పందన, రంగు ఈ ఐదింటికీ సున్న నుండి రెండు వరకు మార్కులు వేసే పద్ధతి కనిపెట్టారు. ఇప్పుడది ప్రతి పురిటిగదిలోనూ ఉన్నది. అంతగా ప్రచారం పొందని నియమమొకటి ఆమె దానికి చేర్చారు: బిడ్డను బయటికి తీసినవారు ఆ మార్కులు వేయరాదు, వేరొకరు వేయాలి. తన చేతిపనికి తానే సాక్షి కారాదన్న ఈ చిన్న కట్టడిలో ఎంతో లోకజ్ఞానం ఉన్నది.

మన దేశంలో ఈ ప్రశ్న వేరొక రూపం ధరించినది. ఇక్కడ కొరత మొదట యంత్రాలది కాదు, మనుష్యులది. పశ్చిమబెంగాలులోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో 2003లో రోగగ్రస్త నవజాత శిశువుల కొరకు ఒక ప్రత్యేక విభాగం తెరిచారు. పేద జిల్లా, నర్సులు చాలరు. అప్పుడు అక్కడివారు స్థానికంగా పాఠశాల చదువు పూర్తిచేసిన యువతులను ఎన్నిక చేసి, కొన్ని నెలలు శిక్షణ ఇచ్చి, నవజాత శిశు సహాయికలుగా నియమించారు. శిశువును వెచ్చగా ఉంచటం, పాలు పట్టటం, ప్రమాద చిహ్నాలు కనిపెట్టటం వారి పని. రెండవ సంవత్సరం ముగిసేసరికి ఆ జిల్లా మొత్తంలో నవజాత శిశుమరణాలు ఐదవ వంతు తగ్గినట్లు లెక్క తేలినది. తరువాత ఇట్టి విభాగాలు దేశమంతటా జిల్లా ఆసుపత్రులలో వందలకొద్ది వెలసినవి. 2000 సంవత్సరంలో వెయ్యి జననాలకు 44గా ఉన్న నవజాత శిశుమరణాలు 2020 నాటికి 20కి తగ్గినవి. ఈ తగ్గుదలకు కారణాలనేకం. ఆ విభాగాలు వాటిలో ఒకటి.

ఆ విభాగాలలో ఒకదానిలో రాత్రి రెండు గంటల వేళ నర్సు చేసే పని ఏమిటో ఆలోచించాలి. ముగ్గురు నలుగురు శిశువులకు ఒక నర్సు ఉండాలన్నది కాగితం మీది నియమం. అది అన్ని రాత్రులూ నిజం కాదు. ఒక శిశువుకు ముక్కులోని సన్నని గొట్టం ద్వారా తల్లి పిండి ఇచ్చిన పాలు చుక్క చుక్కగా పోయాలి. పోసేముందు ఇంతకుముందు పోసినవి అరిగినవో లేదో చూడాలి. కామెర్లు వచ్చి నీలికాంతి దీపం కింద ఉన్న మరొక శిశువు కళ్లకు కట్టిన గంత జారకుండా చూడాలి. మూడవ శిశువు శ్వాస మరచిపోతుంది. నిజంగానే మరచిపోతుంది, నెలలు నిండని మెదడుకు ఆ అలవాటు ఇంకా పట్టుబడదు. అరికాలిని మెల్లగా తట్టి జ్ఞాపకం చేయాలి. ఒక శిశువును ముట్టి మరొక శిశువును ముట్టేలోగా చేతులు కడుక్కోవాలి, ఒక్క రాత్రిలో వంద పర్యాయాలు. రక్తంలోని ఆక్సిజన్‌ను కొలిచే యంత్రం అంకె తగ్గినప్పుడు కూత పెడుతుంది, పెరిగినప్పుడూ పెడుతుంది. తగ్గుదల కూతకు అందరూ పరుగెత్తుతారు. పెరుగుదల కూత విసుగు పుట్టిస్తుంది. దానిని నొక్కి ఆపివేయాలనిపిస్తుంది. బోస్టన్‌లో 1942లో బయటపడిన అంధత్వం ఈనాడు మన దేశపు బిడ్డలను వెంటాడుతున్నది ఆ రెండవ కూత దారినే. అందుకే 34 వారాలకు ముందు పుట్టినవారికీ, రెండు కిలోలకు తక్కువ ఉన్నవారికీ నెలలోపల కళ్లు పరీక్ష చేయించాలని నియమం పెట్టారు.

ఇన్ని పనుల నడుమ ఆమెకు హఠాత్తుగా ఒక శిశువు మీద అనుమానం కలుగుతుంది. అంకెలన్నీ సరిగానే ఉన్నవి. జ్వరం లేదు. కాని నిన్న ముట్టుకొంటే కాళ్లు ముడుచుకొన్న బిడ్డ ఈవేళ వదులుగా పడి ఉన్నది. పాలు మునుపటివలె ఇముడటం లేదు. "సార్, ఈ బిడ్డ నాకెందుకో బాగా కనిపించటం లేదు" అంటుంది. ఈ వాక్యం విలువ ఈ వృత్తిలో తలనెరసినవారికి తెలుసు. రక్తంలో విషక్రిములు ప్రవేశించిన శిశువుకు పరీక్షలు తెలిపే ముందు తెలిపే మొదటి వార్త తరచు ఇదే. యువవైద్యుడు నిద్రకళ్లతో "అంకె ఎంత?" అని అడుగుతాడు. అంకె సరిగానే ఉన్నదని చెప్పవలసి వచ్చిన ఆమె మరి మాట్లాడదు. అతడు చెడ్డవాడు కాదు. అంకెలను నమ్మటం అతనికి నేర్పినది విద్యాలయమే. ఆమె పిరికిదీ కాదు. రెండుసార్లు హాస్యానికి గురి అయినవారెవరైనా మూడవసారి ఊరకుంటారు. మధ్యలో ఆరు గంటల కాలం గడిచిపోతుంది, ఆ శిశువుకు ఆరు గంటలంటే పెద్దవారికి వారం వంటిది.

కొలవటానికి వీలు లేని జ్ఞానం జ్ఞానమేనా అన్నది తార్కికులకు పాత వివాదం. పక్కన కూర్చుని ఒక్కరినే గంటల తరబడి చూచినవారికి కలిగే ఎరుకను ప్రమాణాలలో దేని కింద చేర్చాలో వారు తేల్చుకొనవచ్చును. న్యాయస్థానం మాత్రం ఒకసారి దానికి గౌరవమిచ్చినది. ముంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ 1973లో దారుణమైన దాడికి గురియై స్పృహ కోల్పోయిన అరుణా శాన్‌బాగ్‌ను ఆ ఆసుపత్రి నర్సులే దశాబ్దాల తరబడి బిడ్డవలె సాకారు. ఆమె తరఫున పలికే ఆప్తులెవరన్న ప్రశ్న 2011లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, ఆమె మరణాన్ని కోరుతూ అర్జీ పెట్టిన రచయిత్రి కాదనీ, రాత్రింబగళ్లు ఆమెకు సేవచేసిన ఆసుపత్రి సిబ్బందే నిజమైన ఆప్తులనీ న్యాయమూర్తులు అన్నారు. ఆమె పెద్దది, మాట పోయినది. శిశువు పసిది, మాట ఇంకా రానిది. ఇద్దరి స్థితీ ఒక్కటి కాకపోయినా, సేవ వలన పలికే హక్కు పుట్టుతుందన్న న్యాయం రెండింటికీ వర్తిస్తుంది. పలికే హక్కు వేరు, ఒంటరిగా నిర్ణయించే హక్కు వేరన్నది కూడా మరువరాదు. గాలింజర్ ఆసుపత్రి రాత్రులు ఆ రెండవ మాటకు సాక్ష్యం.

చదువుకూ సామర్థ్యానికీ ఉన్న సంబంధం మనం అనుకొన్నంత బిగువైనది కాదనటానికి మహారాష్ట్రలోని గడ్చిరోలి ఉదాహరణ. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 గ్రామాలలో కొద్ది చదువుగల గ్రామస్త్రీలకు శిక్షణ ఇచ్చి, ఇంటిలోనే పురిటిబిడ్డలను చూచి, అవసరమైతే సూదిమందు కూడా వేసేటట్లు చేశారు. మందు సూది గ్రామస్త్రీ చేతికివ్వటమా అని వైద్యలోకం ఉలిక్కిపడినది. 1999లో ఫలితాలు అచ్చయినవి: నవజాత శిశుమరణాలు పోల్చిచూచిన గ్రామాలకంటె నూటికి 62 పాళ్లు తగ్గినవి. 2011 నుండి ఆశా కార్యకర్తలు దేశమంతటా పురిటి ఇళ్లకు పోయి బిడ్డలను చూస్తున్నారంటే దానికి మూలం అక్కడనే ఉన్నది.

ఇక అద్దం వెలుపల నిలిచిన తల్లి. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే వైద్యుడు, పెట్టెలు చాలక, ఒక్కొక్క పెట్టెలో ఇద్దరు ముగ్గురు శిశువులను పెట్టవలసి వచ్చి, ఆ విధంగా అంటురోగాలు ప్రబలి చనిపోవటం చూడలేక, శిశువులను తల్లి రొమ్ముకు ఆనించి కట్టించారు. పేదరికం పుట్టించిన ఉపాయమని ధనిక దేశాలు తేలికగా చూచినవి. ఘానా, భారత, మలావి, నైజీరియా, టాంజానియా దేశాలలో ఐదు ఆసుపత్రులు కలిసి జరిపిన పరిశోధన 2021లో వెలువడినది. శిశువు నిలదొక్కుకొన్న తరువాత కాక, పుట్టిన వెంటనే, చికిత్సావిభాగంలోనే తల్లి రొమ్ము మీద ఉంచితే మరణాలు నూటికి 15.7 నుండి 12కి తగ్గుతున్నవని తేలినది. భారతదేశం తరఫున అందులో పాల్గొన్నది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. దీనికొరకు తల్లి మంచాన్ని శిశుచికిత్సా విభాగంలోనికి తేవలసి వచ్చినది. బాలింతను చూచే వైద్యులు, బిడ్డను చూచే వైద్యులు ఒకే గదిలో పనిచేయవలసి వచ్చినది. తల్లి అతిథి కాదు, సిబ్బందిలో ఒకరైనది. బ్యుదేన్ చెప్పినది వినటానికి నూరేళ్లకు పైగా పట్టినది.

ఆ విభాగాలలో ఒక విచిత్రమున్నది. తండ్రి పేరు లేనిదే ఏ కాగితమూ కదలని దేశంలో, ఆ శిశువుల కాలికి కట్టిన పట్టీ మీద ఉండేది తల్లి పేరే: ఫలానా ఆమె బిడ్డ. అయినా ఆ బిడ్డను ఉంచాలా, తీసికొనిపోవాలా అన్న నిర్ణయం వచ్చేసరికి తలుపు వద్ద నిలిచి మాట్లాడేవారు తండ్రి, తాత, మేనమామ. పచ్చి బాలింత వార్డులో పడుకొని ఉంటుంది. వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసికొనిపోతున్నామని వారు సంతకం చేస్తారు. అప్పు పుట్టకపోవటం ఒక కారణం. ఇంటి దగ్గర ఇంకా ఇద్దరు పిల్లలు పస్తులుండటం ఒక కారణం. వీటిని తప్పుపట్టే హక్కు కడుపునిండిన విమర్శకునికి లేదు. కాని మరొక కారణం కూడా ఉన్నది. ఈ విభాగాలలో చేరే శిశువులలో ఆడపిల్లలు మగపిల్లలకంటె తక్కువ. పుట్టుకతో మగశిశువులు కొంత బలహీనులన్నది శాస్త్రం చెప్పే మాటే. కాని వ్యత్యాసమంతా ప్రకృతి చేసినదని అనుకోవటం ఆత్మవంచన. ఆడపిల్లను తీసికొనిపోయేటప్పుడు సంతకం త్వరగా పడుతుంది. అప్పుడు ఆ తాతకు ఎదురుగా నిలిచి, "ఇంకా మూడు రోజులుంచండి బాబూ, పాలు పడుతున్నది, బరువు పెరుగుతున్నది" అని బ్రతిమాలేది చాలాచోట్ల వైద్యుడు కాదు, నర్సు. ఆ పని ఆమె విధుల పట్టికలో ఎక్కడా లేదు.

అన్నిటికంటె కఠినమైన ఘట్టం ఒకటి మిగిలి ఉన్నది. చికిత్స ఇంక చికిత్స కాక హింసగా మారినప్పుడు ఆపేదెవరు? తన తుదిఘడియలలో ఏ చికిత్స వద్దో ముందుగా వ్రాసి ఉంచే హక్కును 2018లో సుప్రీంకోర్టు వయోజనులకు ఒప్పుకొన్నది. నిన్న పుట్టిన ప్రాణి ముందుగా వ్రాసి ఉంచేదేమున్నది? 23, 24 వారాలకే పుట్టి, మెదడులో రక్తస్రావమై, యంత్రం మీద మాత్రమే ఊపిరి తీసే శిశువు విషయంలో, యంత్రం తీసివేయటం హత్యా, ఉంచటం హింసా అన్నదానికి సూత్రం వ్రాయబోయినవారందరూ ఏదో ఒక చోట తడబడ్డారు. ఉన్న ఒక్క యంత్రం కొరకు పక్కగదిలో మరొక శిశువు ఎదురుచూస్తున్నప్పుడు ఆ తడబాటుకు వ్యవధి కూడా ఉండదు. ఇట్టి సమయంలో వైద్యుడు రోగ ఫలితాన్ని ఊహించగలడు; తల్లిదండ్రులు తాము భరించగలిగినదేమిటో చెప్పగలరు; ఆ శిశువు సూది గుచ్చినప్పుడు ముఖమెట్లు పెడుతున్నదో, గొట్టం కదిపినప్పుడు వేళ్లెట్లు చాచుతున్నదో, గత నాలుగు రాత్రులలో ఎన్నిసార్లు నెమ్మదించి నిద్రపోయినదో ఆ నర్సు మాత్రమే చెప్పగలదు. ముగ్గురూ ఒకచోట కూర్చొనక చేసిన నిర్ణయం, అది ఏ నిర్ణయమైనా సరే, తెలిసియుండవలసిన దానిలో ఒక భాగం తెలియకుండా చేసినదే. నిర్ణయం చేసిన పిదప తప్పు చేశామేమో అన్న బాధ ఎట్లాగూ ఉంటుంది. ఆ బాధను నర్సు ఒంటరిగా ఇంటికి మోసుకొనిపోవటం, వైద్యుడు మరొక పడక వద్దకు పోయి మరచిపోవటం, ఇదీ చాలా ఆసుపత్రులలో పంపకం.

ఇటీవల కొన్నిచోట్ల చివరి గంటలో గొట్టాలు తీసివేసి, శిశువును తల్లి ఒడిలో పెట్టుతున్నారు. నర్సు బిడ్డ ఒళ్లు వెచ్చని నీళ్లతో తుడిచి, ఇంటి నుండి తెచ్చిన పాతచీర ముక్కలో పొత్తిళ్లు చుట్టి అందిస్తుంది. చాలామంది తల్లులకు బిడ్డను ఎత్తుకోవటం అదే మొదటిసారి. కాసేపటికి వైద్యుడు వచ్చి, గుండె మీద స్టెతస్కోపు పెట్టి, గడియారం చూచి, రిజిస్టరులో వేళ వ్రాస్తాడు.